సువర్ణ ఇంట్లో క్రిస్మస్ ఈవ్

మాక్లూర్‌లో పుట్టిన సువర్ణ, మత్తయిని చేసుకుని ఆర్మూర్ వచ్చి పాతికేళ్లు దాటింది. అంగన్‌వాడీలో ఆయాగా ఊరివాళ్ల పిల్లలెందరినో ఎత్తుకుని ఆడించిందిగానీ, కన్నబిడ్డను చూసుకుని ఏడాదిపైనే అయింది. కూతురు నందిని ఇంట్లో చెప్పకుండా మోర్తాడ్ పసుపు రైతుల పిల్లవాడు లోకేశ్‌ను పెళ్లాడింది. బిడ్డను పండుగకు పిలుస్తావా అని చర్చి పెద్దలు అడిగితే మత్తయి మండిపడ్డాడు.

"పండుగనాడు అది నా గడప తొక్కితే, నేను చర్చి గడప తొక్క" అని అందరి ముందూ అనేశాడు.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం సువర్ణ నూనెలో గరిజెలు కాలుస్తుంటే తలుపు చప్పుడైంది. చూస్తే నందిని!

"పండుగ రేపు గదమ్మా. బాపు మాట పోవద్దని ఇయ్యాల్నే వచ్చిన. జరసేపు కూసోని పోత. లోకేశ్ మూల మీద బండి కాడున్నడు, లోపలికి రానన్నడు."

పిండి చేతులతోనే బిడ్డను పొదువుకుంది సువర్ణ. ఉండమనాలో, పొమ్మనాలో పాలుపోలేదు. వెల్డింగ్ షాపు మూసి మత్తయి వచ్చే వేళ. గరిజె చేతిలో పెట్టి "తొందరగ తిను బిడ్డా" అంటూ కిటికీ వైపే చూస్తోంది. సిద్దుల గుట్ట మీద వెలుగు సన్నగిల్లుతోంది. ఇక లేవమని చెప్పబోయేసరికి బయట స్కూటర్ ఆగింది.

మత్తయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. చెప్పులు కూడా విడవలేదు.

"ఎవలు రమ్మన్నరు?"

"నేనే వచ్చిన బాపూ. ఇయ్యాల పండుగ గాదు, ఈవే గద."

"ఈవ్ అంటే ఏందో ఎరుకేనా?"

ఏళ్లుగా సండే స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి మత్తయి. ఇప్పుడూ అలాగే చెప్పాడు, గొంతు మాత్రం రాయిలా ఉంది.

"బైబిల్‌ల హవ్వను ఇంగ్లిష్‌ల ఈవ్ అంటరు గద, ఆమె పేరు మీదొచ్చిందనుకుంటరు పోరగాండ్లు. గాదు. వెనకట ఇంగ్లిష్‌ల సాయంత్రాన్ని ఈవెన్ అంటుండె. కొస ఊడి ఈవ్ అయింది. గప్పుడు చర్చిల పండుగ అర్ధరాత్రి మొదలయ్యేది గాదు, పొద్దు గూకంగనే మొదలు. ఈవ్ అంటే పండుగ లెక్కనే."

సువర్ణ కిటికీ వైపు చూసింది. బయట వీధిలైట్లు అప్పటికే వెలిగాయి.

"ఎరుకలేక వచ్చిన బాపూ. పోత" అని నందిని సంచి అందుకుంది.

పెళ్లయిన నాటి నుంచి మొగుడి మాటకు ఎదురాడని సువర్ణ వెళ్లి బిడ్డకూ గుమ్మానికీ మధ్య అడ్డంగా నిలబడింది.

"అది పోతే దాని ఎంబడే నేను గూడ పోత."

కడాయిలో నూనె పొగలు కక్కుతోంది. మత్తయి భార్య వైపు తిరిగాడు.

"పొద్దుండంగ వచ్చిందా, గూకినంక వచ్చిందా?"

"పొద్దుండంగనే."

"గట్లయితే పండుగనాడు గడప తొక్కలే." అన్నాడు మత్తయి. "పండుగ మొదలైనంక ఇంట్ల ఉన్న బిడ్డను ఎల్లగొడ్తనని నేనెన్నడన్న?"

సువర్ణ అక్కడే కూలబడి ఏడ్చింది. నందిని గబగబా వెళ్లి స్టవ్ ఆర్పింది. మత్తయి చెప్పులు విడుస్తూ, ఎవరో తెలియనట్టు అడిగాడు.

"మూల మీద చలిల నిలబడ్డ పిల్లగాడెవడు?"

సువర్ణ కొంగుతో కళ్లు తుడుచుకుని లోకేశ్‌ను పిలవడానికి పరుగెత్తింది. ఆ సాయంత్రం మామ అల్లుడితో ఒక్క మాటా మాట్లాడలేదు, కుర్చీ మాత్రం అతడి వైపు జరిపాడు. పసుపు ఉడికించే రోజులు వచ్చాక లోకేశ్ కారుతున్న బాయిలర్‌ను అతుకేయించడానికి ట్రాక్టర్ మీద వేసుకుని మత్తయి షాపు ముందు ఆపాడు.

"ఎన్నెకరాలేసిండ్రు?" అని అడిగాడట మత్తయి, అల్లుడితో తొలిమాటగా. నందిని ఫోన్ చేసి ఆ సంగతి చెబితే సువర్ణ ఇంకోసారి చెప్పించుకుంది.