మొగలి పొదల దగ్గర భోజనం

మెలెనైతె మనవరాలి పేరు తాలితాహి. సముద్రం కోసం ఆగడమని అర్థం. పౌర్ణమి పోటుకు నీళ్లు రోడ్డెక్కి, ఆసుపత్రికి పోతున్న లారీ ఆగిపోతే, పిల్ల ఆ లారీలోనే పుట్టింది. జరిగినదాన్ని బట్టి పేరు పెట్టడం మా హాపై దీవుల్లో మామూలే.

ఇప్పుడు కూతురు లుసియానెకు మళ్లీ మూడో నెల. "ఈసారీ లారీలోనే కంటే ఏం పేరు పెడతావే అమ్మా? 'మళ్లీ ఆగాం' అనా?" అని నవ్వేది. మెలెనైతెకు నవ్వు వచ్చేది కాదు. రోజూ ప్రార్థనలో ఆ రోడ్డునే తలుచుకునేది.

రోడ్డు ఎత్తు చేసి తూములు వేస్తామని రాజధాని నుంచి మాలకై అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. చర్చి మూల దగ్గర నిలబడి, "నీళ్లు రోడ్డు దాటేది ఇక్కడే కదండీ?" అన్నాడు.

"ఔను బాబూ," అన్నాడు ఊరిపెద్ద ఫిలిపె. అందరూ తలలూపారు. అతను అక్కడే ఎర్రరంగు గుర్తు పెట్టాడు. నిజానికి నీళ్లు దాటేది రెండొందల అడుగుల అవతల, మొగలి పొదల దగ్గర.

"ఔనన్నావేం ఫిలిపన్నా?" అని తర్వాత నిలదీసింది మెలెనైతె.

"ఇంటికొచ్చిన పిల్లాణ్ణి మొహమ్మీదే కాదంటామా? నువ్వూ తలూపావుగా చెల్లీ!"

ఊపిన మాట నిజమే. అతని మనసు నొప్పించకుండా చెప్పే దారి చూపమని ఆ సాయంత్రం దేవుణ్ణి వేడుకుంది.

మర్నాడు పౌర్ణమి. మధ్యాహ్నం పోటు వేళకు ఆవిడ అతిథి ముందు మర్యాదకు కట్టే చాప నడుముకు చుట్టుకుని, వంటలు మొగలి పొదల దగ్గరికి మోయించింది.

"చర్చి హాలుండగా రోడ్డు మీద విందేమిటే!" అన్నారు ఆడవాళ్లు.

"ఇక్కడ గాలి బాగుంటుంది."

చేమాకుల్లో కొబ్బరిపాలతో ఉడికిన మాంసం, పెండలం. మాలకై మెచ్చుకుంటూ తింటున్నాడు. ఇంతలో మొగలి వేళ్ల మధ్యనుంచి చప్పుడు లేకుండా నీళ్లు వచ్చాయి. కింద పరిచిన చాప అంచు తడిసింది. అతని చెప్పొకటి తేలుతూ పోయింది.

"అమ్మా, నీళ్లు!"

"ఔను బాబూ. ఇంకాస్త వడ్డించనా?"

అతను చర్చి మూల వైపు చూశాడు. అక్కడ నేల పొడిగా ఉంది. ఫిలిపె వైపు చూశాడు. ఫిలిపె పెండలం ముక్కకేసి దీక్షగా చూస్తున్నాడు.

"అయితే నీళ్లు దాటేది అక్కడ కాదన్నమాట!"

"ఔను బాబూ," అందావిడ మెల్లగా.

మాలకై పకపకా నవ్వి, చెయ్యి కడుక్కుని, ఒంటి చెప్పుతోనే రంగుడబ్బా కోసం వెళ్లాడు.

నెలలు నిండేసరికి మొగలి పొదల దగ్గర తూములు పడ్డాయి, రోడ్డు లేచింది. లుసియానెకు నొప్పులొచ్చింది కూడా పోటు రోజే. లారీ ఎక్కడా ఆగలేదు. పిల్లాడు ఆసుపత్రి మంచం మీద పుట్టాడు. దారిలో ఏమీ జరగలేదు గనక వాడికి తాత పేరే పెట్టారు.