మా ఇంటి కఠిన ఏకాదశి

మా ఇంట్లో పిల్లకు దేవుడి సంగతులు చెప్పే శాఖ నాది. కొడుకూ కోడలూ హైటెక్ సిటీలో ఉద్యోగులు. ఇంట్లో ఉన్నప్పుడు లాప్‌టాప్‌లకు మొక్కుతూ ఉంటారు. "మన పద్ధతులు నేర్పండి మామా, పక్కవాళ్ళవీ చెప్పండి. మనదే గొప్పని మాత్రం అనద్దు," అని కోడలు ముందే షరతు పెట్టింది.

రంజాన్ నెల వచ్చింది. ఎదురు ఫ్లాట్ పాప, మా మనవరాలి ఈడుదే, మొదటిసారి ఉపవాసాలు మొదలుపెట్టింది. పొద్దు గూకేదాకా మంచినీళ్ళు కూడా తాగదట. మనవరాలు డీలా పడిపోయింది.

"మనకేం లేవా తాతా, ఇట్లాంటివి?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "లేకేం! ఏకాదశి! నలభై ఏళ్ళుగా పచ్చి గంగ ముట్టకుండా చేస్తాండా. కర్నూలు ఎండల్లో ఒకసారి మూడు రోజులు ఏకబిగిన..."

"ఏకాదశి ఎప్పుడు?"

క్యాలెండర్ చూశాం. ఆదివారమే.

నిజానికి నా ఏకాదశికి అన్నం ఒక్కటే నిషేధం. ఆ లోటు తెలియకుండా పొద్దున ఉప్మా, మధ్యాహ్నం చపాతీలు, సాయంత్రం సగ్గుబియ్యం పాయసం. మామూలు రోజుకంటే ఎక్కువే తింటాను.

ఆదివారం పొద్దున్నే ఇద్దరు పిల్లలూ వంటింటి గుమ్మంలో కుర్చీలు వేసుకున్నారు. నేను నోరు పుక్కిలిస్తుంటే ఎదురింటి పాప నా గొంతుకేసి వేలు చూపింది.

"తాతా, మింగకు. మింగితే గొంతు కదుల్తది, నాకు కనవడ్తది."

పూజ చేసి అరటిపండు అందుకున్నాను. మనవరాలు లాగేసుకుంది.

"ప్రసాదం తల్లీ!"

"ప్రసాదమైతే కడుపులోకి పోదా?"

పార్కులో తిరిగొస్తానంటే ఇద్దరూ చెప్పులు వేసుకున్నారు.

మధ్యాహ్నం దాకా ఋషిలా కూర్చున్నాను, చుక్క నీరు లేదు. అబద్ధం. స్నానాల గదిలో కుళాయి కింద నోరు పెట్టాను.

అప్పుడు చూశాను మనవరాలి పెదవులు. ఎండిపోయి ఉన్నాయి.

"ఏమన్నా తిన్నావా నువ్వు?"

"నువ్వు చేస్తున్నావుగా. నేనూ అంతే."

కింద కూర్చుని నిజమంతా కక్కేశాను: ఉప్మా, చపాతీలు, పాయసం. కర్నూలులో ఆ మూడు రోజులూ వాంతులై తినలేకపోయాను తప్ప, భక్తి కాదని కూడా.

మనవరాలు దేవుడి పటం వైపు చూసింది. "ఇన్నేళ్ళూ దేవుడేమన్లేదా?"

"ఏమన్లేదు."

ఎదురింటి పాప తీర్పు చెప్పింది. "చిన్నపిల్లలకు, ముసలోళ్ళకు మాఫీ ఉంటదని మా అమ్మీ చెప్పింది. తాత రెండిట్లకొస్తడు."

"అయితే తాత తినొచ్చు. నేను తినను," అంది మనవరాలు. బతిమాలాను, బెదిరించాను, ఏదీ చెల్లలేదు. నా మాటకు ఆ పూట విలువెక్కడిది?

ఆఖరికి ఎదురింటి పాపే గ్లాసుతో నీళ్ళు తెచ్చి దాని చేతిలో పెట్టింది. "నువ్వు భీ తాగు. మళ్ళొచ్చేసారి ఉందువు. నేను చూడను తీ," అని కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

మనవరాలు గటగటా తాగింది.

గోడవైపు నుంచే గొంతు వచ్చింది: "ఇగ తాత ఏం చేస్తుండు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. నోరు ఖాళీ లేదు.