అమ్మ పడుకున్న వైపు గోడ

మా చిన్నప్పుడు... గోడకు ఆనుకుని కూర్చుంటే వీపంతా తెల్లగా అయ్యేది. ఇంటికొచ్చిన చుట్టం లేచి వెళ్తుంటే వెనక నుంచి ఎవరో ఒకరు కొంగుతో దులిపేవాళ్లు. డెబ్బైల్లో వరంగల్‌లో, మిల్లు పక్కన మా వాడలో అన్నీ సున్నం గోడలే మరి...

అందుకే కాస్త ముచ్చట ఉన్నవాళ్లు మంచం పక్క గోడకు నడుమెత్తు దాకా చీటిగుడ్డ అతికించేవాళ్లు. చీటిగుడ్డ అంటే పూలు అచ్చువేసిన నూలు గుడ్డ... లంగాలకు, బొంతలకు, దిండు గలేబులకు అన్నింటికీ అదే.

మా పక్కింటి జైనబీ ఖాలా... ఖాలా అంటే పిన్ని... బట్టలు కుట్టేది. ఆమెది ఒకటే గది. కానీ గోడకు ఎర్ర గులాబీల గుడ్డ, గూట్లో అంచులు కత్తిరించిన పూల కాగితం, మిషన్ మీద కప్పడానికి చిలకల గుడ్డ... లోపలికి అడుగుపెడితే తోటలోకి వెళ్లినట్టుండేది. నేను గడపలో నిలబడి చూస్తుండేదాన్ని. ఏమీ అడిగేదాన్ని కాదు. నాకు మాట్లాడాలంటేనే సిగ్గు.

"నోరు తెరిస్తె ముత్యాలు రాలిపోతయా నీకు?" అని నవ్వేది ఖాలా.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వానాకాలంలో మాకు తమ్ముడు పుట్టాడు... పదకొండో రోజు పోయాడు. పేరు కూడా పెట్టలేదు.

ఆ రోజు నుంచి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని మళ్లీ అటే తిరిగేది. ఎవరితోనూ మాట లేదు. వానలకు ఆ గోడ ఉబ్బి సున్నం పెచ్చులు లేచింది... అమ్మ వాటిని గోటితో గీకుతూ ఉండేది. దుప్పటి మీద, ఆమె జుట్టులో ఎప్పుడూ తెల్లటి పొడి. వంట నాయనమ్మ, నీళ్లు నేను... నా చదువు నాలుగో తరగతితో అక్కడే ఆగింది.

బతుకమ్మ దగ్గరికొచ్చింది. ఇంట్లో చావు జరిగింది కాబట్టి ఆ ఏడు పూలు ముట్టొద్దని నాయనమ్మ చెప్పేసింది. వాడంతా తంగేడు పూల తట్టలు... మా ఇంట్లో ఆ గోడ.

ఒకరోజు ఖాలా గడపలో చాలాసేపు నిలబడ్డాననుకుంటా... ఆమె మిషన్ ఆపింది.

"ఏం గావాలె బిడ్డా? చెప్పకుంటె నాకెట్ల తెలుస్తది?"

"అమ్మ గోడకు..." అన్నాను.

ఖాలా లేచింది. పెట్టె తీసి, ఎవరి పరదాలకో కుట్టగా మిగిలిన గుడ్డ ఇచ్చింది. మీగడ రంగు మీద నీలం పూలు, పొడుగు కాడలు. చింతగింజల పొడి ఉడికించి జిగురు చేయడం చూపించింది. సాయంత్రం నమాజు చదివాక వచ్చి తనే అతికిస్తానని, జర ఆగమని చెప్పింది.

నేను ఆగలేదు. ఆ మధ్యాహ్నం బాపు అమ్మను రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లాడు. నాయనమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. మంచం పక్కకు జరిపి, పెచ్చులు రాల్చి, జిగురు పూసి ఒక్కదాన్నే అతికించాను. చేతులు, లంగా, జడ... అంతా జిగురే. మళ్లీ మంచం గోడకు చేర్చాను.

నాయనమ్మ లోపలికి వచ్చి చూసింది.

"పువ్వులు ముట్టొద్దన్న గదనే ఈ యేడు" అంది.

గుడ్డ మీది పూలకు కూడా మైల ఉంటుందా అని అడగాలనిపించింది. అమ్మ వచ్చేలోపు పీకెయ్యమంది. అంతలోనే ఇంటి ముందు రిక్షా ఆగింది.

అమ్మ ఎవరినీ చూడలేదు. వచ్చి, ఎప్పటిలాగే అటు తిరిగి పడుకుంది... నేను తలుపు పక్కన నిలబడ్డాను. ఆమె వీపు తప్ప నాకేమీ కనిపించడం లేదు. గోరు గీకే చప్పుడు వస్తుందేమోనని వింటున్నాను... రాలేదు. కాసేపటికి చెయ్యి మెల్లగా లేచింది. తడి గుడ్డ మీద ఒక కాడ వెంబడి పోయింది, ఇంకో కాడ వెంబడి పోయింది...

"పువ్వులన్ని తలకిందులు పెట్టినవ్ బిడ్డా."

రెండు నెలల తర్వాత విన్నాను అమ్మ గొంతు. నిజమే... కాడలు పైకి, పూలు కిందికి. నేను చూసుకోనే లేదు. ఏడుపొచ్చేసింది.

అమ్మ లేచి కూర్చుంది. తర్వాత మంచం మీదే నిలబడింది.

"ఆ కొస పట్టు. ఆరితె మల్ల రాదు."

ఇద్దరం అటొకరు ఇటొకరు పట్టి మెల్లగా ఒలిచాం. నాయనమ్మ దగ్గరికొచ్చింది. వంగి, మిగిలిన జిగురు గిన్నె తీసి అమ్మ చేతికి అందించింది.

సాయంత్రం ఖాలా వచ్చేసరికి అమ్మ గోడకు ఆనుకుని ఇటు తిరిగి కూర్చుని, నా జడకు పట్టిన జిగురు ఒక్కో పాయా విడదీస్తోంది. ఖాలా చూసి, గుమ్మం దగ్గరే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఎనభైల్లో నేను పెళ్లయి మడికొండకు వచ్చాను. అత్తగారింట్లో నెల రోజులు తల ఎత్తి మాట్లాడలేదు. ఆయన్ని మొట్టమొదట అడిగింది గజమున్నర చీటిగుడ్డ. ఎందుకని అడగకుండానే తెచ్చారు...

మొన్న మా హనుమకొండ ఇంటికి గోడలకు పూల కాగితం వేయించాం. ఇద్దరు వచ్చి, ఫోన్‌లో వంద రకాల పూలు చూపించి, ఒక పూటలో పని ముగించి వెళ్లారు. ఎక్కడా ఒక్క ముడత లేదు, బాగుంది. టీవీ ఏ గోడకు వస్తుందని అడిగారు, ఏసీ ఎక్కడ పెడతారని అడిగారు... ఈ గదిలో ఎవరు ఎటు తిరిగి పడుకుంటారని మాత్రం అడగలేదు. వాళ్లకెందుకులే, పాపం...

మీ చిన్నప్పుడు మీ గోడలకు ఏం అతికించేవాళ్లు... ఎవరు, ఎవరి కోసం? తీరికున్నప్పుడు రెండు ముక్కలు రాయండి. నిదానంగానైనా అన్నీ చదువుతాను.