ఊకె కూసున్న మెదడు చేసిన పని

"లావణ్యా, ఏమే లావణ్యా, నోరెందుకు ఆడుతుందే?"

భాగ్యక్క పిలుపు ఎక్కడో దూరం నుంచి ఇనొచ్చినట్టు ఇనొచ్చింది. ఆడే నోరు ఆగింది. పండ్ల నడుమ ఏదో కరకరమన్నది. మెడల బంతిపూల దండ. నెత్తి మీద 'నిరాహార దీక్ష' అని బ్యానర్. ఒళ్లె చూస్తే పల్లికాయ పొట్టు, కుప్ప!

నిన్న కోరుట్లల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో సగం మీ చెవులకు వచ్చే ఉంటది. మిగిలిన సగం నా నోటితోనే ఇనుండ్రి. నవ్వితే నవ్వుండ్రి గని, తప్పు నాదంటే మాత్రం ఒప్పుకోను.

తెలంగాణ కొరకు బస్టాండ్ కాడ టెంటేసి, రోజుకో సంఘమోళ్లు దీక్షకు కూసుంటున్నరు గదా. ఓ నాడు వకీళ్లు, ఓ నాడు టీచర్లు, మొన్న ఆటోలోళ్లు. పొద్దుగాల దండలేస్తరు, సాయంత్రం నిమ్మరసం తాగిస్తరు. నడుమ మంచినీళ్లు తప్ప ఏం ముట్టద్దు. బీడీలు చేసే మా ఆడోళ్లకు సుత ఓ దినం ఇయ్యుండ్రని మా సంఘం పెద్ద భాగ్యక్క ఎన్నడి సందో కొట్లాడుతుంది. ఆటో యూనియన్ మల్లేశం మామ అడ్డం పడ్డడు. బీడీలోళ్లు పొద్దంత ఏదో ఒకటి నములుకుంటనే ఉంటరు, వీళ్లతోని ఉపాసం ఏడ అయితది, ఉద్యమం ఇజ్జత్ తీస్తరు అన్నడట. భాగ్యక్కకు రోషమొచ్చింది. మేం ఉపాసం తప్పితే మళ్ల టెంటు దిక్కు రాము, తప్పకపోతే వారానికో దినం మాది అని చాలెంజ్ చేసింది. గట్ల దొరికింది నిన్నటి దినం.

కూసున్నంక తెలిసింది, ఊకె కూసునుడు ఎంత కష్టమో. ఒళ్లె చాట లేదు, ఆకు లేదు, తంబాకు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. పక్కకు మా అమ్మ కూసొని వచ్చేపోయేటోళ్లకు దండం పెడుతుంది. గప్పుడు డిగ్రీ కాలేజీల జంతుశాస్త్రం చెప్పే సార్ మైకు అందుకున్నడు. కాలేజీ బంద్ ఉన్నది, పాఠం చెప్పక ఆయనకు నాలుక దురద పెడుతున్నట్టున్నది.

"అమ్మా, మీరు ఊకె కూసున్నమనుకుంటున్నరు. మీ మెదడు మాత్రం ఊకె లేదు" అని మొదలుపెట్టిండు.

పని లేనప్పుడు సుత మెదడుల కొన్ని జాగలు కలిసి ముచ్చట పెట్టుకుంటనే ఉంటయట. పాత యాది, రేపటి ఊహ, నా గురించి నేను అనుకునుడు, ఇదంత ఆ గుంపు పనట. ఏదన్న పని మీద నజర్ పెడితే ఇంకో గుంపు లేస్తది, మొదటిది జర మెత్తవడ్తది. ఇగ మూడో గుంపు కావలిదట. బయట ఏమైతుంది, కడుపుల ఏమైతుంది చూసి, ఇప్పుడు నువ్వు లే, నువ్వు ఆగు అని చెప్తదట. అంత సాఫ్‌గ వేరు వేరు ఏం ఉండయి, ఒకదాంట్ల ఒకటి కలిసే ఉంటయి అని సుత అన్నడు.

నేను పదో తరగతి కాడ ఆగినదాన్ని. అయినా నాకు ఠక్కున సమజైంది. సిరిసిల్లల మా చిన్నమ్మ ఇంటి పక్క సాంచెల షెడ్డు ఉంటది. రెండు వరసల మగ్గాలు, నడుమ కరెంటు స్విచ్చి. ఓ వరస జోరుగ ఆడుతుంటే ఇంకో వరస మెల్లగైతది. గంతే కదా.

చిన్నప్పటి సంది మా అమ్మది ఒకటే తిట్టు, పగటి కలల పిల్ల, పనికిరాని పిల్ల అని. ఇప్పుడు సారే మైకుల చెప్పె, అది సుత మెదడు చేసే పనేనని! ఇగ నన్నాపేదెవరు? టెంటు గుంజకు ఒరిగి, మెదడును ఇడిసిపెట్టిన.

బస్సులు బంద్ అయి ఎన్ని దినాలాయెనో. నా మెదడుకు బంద్ లేదు. జగిత్యాల దాటింది, సిరిసిల్ల చేరింది. ఆ సాంచెల షెడ్డుల రాజేశం పనిచేస్తడు. ఆ చప్పుడుకు మాట ఇనబడదని, పోయినసారి చాయ్ తాగుతవా అని చేతి సైగతోని అడిగిండు. నేను తలకాయ ఊపిన. మా ఇద్దరి ముచ్చట ఇప్పటిదాక అంతే. కని నిన్న నా మెదడుల మాత్రం మాకు లగ్గమైంది. బస్సు కిటికీ పక్క సీట్ల కూసొని కోరుట్లకు వస్తున్నం.

ఈడ చేతులు వాటి పని అవి చేసుకుంటున్నయి. పొద్దుగాల బీడీల ఖార్ఖానకు పోయేటప్పుడు చున్నీ కొసకు పిడికెడు పల్లికాయలు కట్టుకునుడు మాకు అలవాటు. నిన్న సుత కట్టుకున్న, నాకే తెల్వదు. ముడి ఇప్పింది తెల్వదు, ఒలిచింది తెల్వదు. కావలి గుంపు కండ్లు మూసుకున్నట్టున్నది.

భాగ్యక్క పిలుపు మీద మల్లేశం మామ ఉరికొచ్చిండు. వీళ్లందరు మూటలు కట్టుకొనే కూసున్నరు, దీక్ష కాదు దావత్ అని రోడ్డు మీది జనానికి ఇనబడేటట్టు మొత్తుకున్నడు. మా ఆడోళ్లు లేచి కొంగులు ఇదిలించిండ్రు. తాళంచెవులు రాలినయి గని ఒక్క గింజ రాలలే. ఆయన ఊకుంటలేడు. మీ దినం క్యాన్సిల్ అంటున్నడు. భాగ్యక్క మొఖం చూడలేకపోయిన.

"తెల్వకుంట తిన్న మామా" అన్న.

"తెల్వకుంట ఎట్ల తింటవ్ పిల్లా? నోరు నీది కాదా?"

జనం నవ్విండ్రు. సారే అడ్డమొచ్చిండు. అలవాటైన చేతులకు ధ్యాస అక్కర్లేదు, పిల్ల చెప్పేది అయ్యే ముచ్చటే అన్నడు. అని నా దిక్కు మైకు చాపి అడిగిండు, "మరి నీ మెదడు ఎక్కడికి పోయిందమ్మా?"

అమ్మ నన్నే చూస్తుంది. ఎక్కడికి పోలే అంటే తెలిసే తిన్నట్టయితది, నాతోని మా ఆడోళ్లందరు దొంగలైతరు. మైకు గుంజుకున్న.

"తిన్నది నేనొక్కదాన్నే. నన్ను లేపుండ్రి, వాళ్ల దినం ముట్టకుండ్రి. బస్సులు బంద్ పెట్టినం గని మెదడును ఎవలు బంద్ పెడ్తరు మామా? అది సిరిసిల్లకు పోయింది. సాంచెలు నడిపే రాజేశం కాడికి. అమ్మా, నేను చేసుకుంటే ఆయన్నే చేసుకుంట. ఆ పల్లికాయలు ఒలిచింది సుత ఆయన కొరకే. ఆయన నోట్లె పెడుతున్న అనుకున్ననే!"