సంచి మీద రెండు చేతులు

మా చిన్నప్పుడు ఉప్పల్ బడిలో మధ్యాహ్నం గంట కంటే ముందే వాసన వచ్చేది... అమెరికా నుంచి వచ్చే పసుపుపచ్చ రవ్వతో చేసిన ఉప్మా.

నాకది ప్రాణం. నాన్న నాచారం ఫ్యాక్టరీకి, అమ్మ కూలికి పోతే సాయంత్రం దాకా మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు మరి.

నాయనమ్మకు మాత్రం అనుమానం. "ఎక్కడి దేశపోళ్ళో మనకు ఊకెనే ఎందుకు పెడ్తరు?" అనేది.

ఒకరోజు బడిలో వంట చేసే ఆయమ్మ, చింతపండు పోసుకోమని ఖాళీ రవ్వ సంచి ఇస్తే ఇంటికి తెచ్చాను. దాని మీద రెండు చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్న బొమ్మ. నాయనమ్మ గతుక్కుమంది. మా ఇళ్ళలో చేతిలో చెయ్యి వేశారంటే మాట ఇచ్చేసినట్టే... బర్రెను కొన్నా, పిల్లను ఇచ్చినా.

"ఏం ఒప్పుకున్నమో తెల్వకుండ తినుడేంది? రేపట్నుంచి ముట్టకు!"

మర్నాడు ఖాళీ గిన్నెతో కూర్చున్నాను. కడుపు కాలిపోతోంది. సారు కబురు పెడితే నాయనమ్మ సంచి చంకన పెట్టుకుని వచ్చింది.

"అది దోస్తానా గుర్తు అవ్వా," అని సారు నవ్వాడు.

"దోస్తానానే సారూ. గీ చెయ్యి వాళ్ళది. మరి గీ రెండో చెయ్యి ఎవలది? మనోడు ఎవడు వొయ్యి ఇచ్చిండు?"

సారు సంచిని అటూ ఇటూ తిప్పాడు.

నాయనమ్మ నా గిన్నె వంక చూసింది. తర్వాత నా చెవిలో అంది, "తిను బిడ్డా. ఎవలన్నా చెయ్యి సాపితే, ఎంగిలి చెయ్యి అని చెప్పు."

తలుపు వైపు చూస్తూనే తిన్నాను...

పెద్దయ్యాక చదివాను. అమెరికాలో పంట ఎక్కువై ధర పడిపోకుండా సర్కారే కొని, కొంత మనలాంటి దేశాలకు పంపేదట. ఆకలి తీర్చడమూ నిజమే, మనం రష్యా వైపు మొగ్గకూడదనుకోవడమూ నిజమేనట. నాయనమ్మ ఊరికే అడగలేదు.

ఇప్పుడు నా ఫోన్‌లో ఉచితంగా వచ్చేవన్నీ దాదాపు ఆ అమెరికావే. చేతుల బొమ్మ ఉండదు. "అంగీకరిస్తున్నాను" అని ఉంటుంది, పైన చీమల బారులా సన్నటి రాత... పప్పు గింజకు కూడా లెక్క రాసే నేను, చదవకుండానే నొక్కేస్తాను.

మీరూ ఆ ఉప్మా తిన్నారా? ఆ సంచి చూసి మీ ఇంట్లో ఏమన్నారు? ఆ మీట నొక్కే ముందు మీరైనా ఏమైనా అడుగుతున్నారా?... నాకైతే ఎంగిలి చెయ్యి అని చెప్పే వీలే దొరకడం లేదు.