కారుకు నోరెక్కడిది

మంగళవారం ఉదయం పదకొండున్నరకు గిద్దలూరులో వకీలు ఇంటి ముందు కారు ఆపాను. మెట్ల మీద మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. నా పక్కన కూర్చున్న చెల్లెలు వాడిని చూసి, బెల్టు విప్పబోయి ఆగిపోయింది.

అమ్మ పొలమంతా వాడు తన పేరిట రాయించుకున్నాడు. చెల్లెలి వాటా సంగతి అడగడానికే వచ్చాం. మా మార్కాపురంలో అయితే తెలిసినవాళ్లు చూస్తారని గిద్దలూరు ఎంచుకున్నాం. పొద్దున నేనే త్రిపురాంతకం వెళ్లి దాన్ని ఎక్కించుకున్నాను. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. చెప్పలేదు కూడా.

"ఏందక్కా, కంభంలో టీకి ఆగినట్టున్నారే. బాగుందా టీ?" అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

చెల్లెలు నా వైపు తిరిగింది. "నువ్వే చెప్పినావు" అంది. దిగి బస్టాండు వైపు వెళ్లిపోయింది. పిలిచినా వెనక్కి చూడలేదు.

"ఎవరు చెప్పినార్రా నీకు?" అని తమ్ముణ్ణి నిలదీశాను. వాడు ఫోను తీసి చూపించాడు. మ్యాపులో నా కారు ఒక చుక్క. కింద గుడికీ ఆసుపత్రికీ, పోయిన వారం టైము అడగడానికి ఈ వకీలు ఇంటికీ నేను తిరిగిన తిరుగుళ్లన్నీ ఉన్నాయి.

"నీ మంచికే చూస్తన్నా. ఒక్కదానివే పోతావు గదా."

"అయితే నేను చెప్పలేదని దానికి చెప్పు."

"నాకేం పని?" అన్నాడు.

కారు నా పింఛను డబ్బుతో, నా పేరు మీదే కొన్నాను. షోరూములో ఫోను నంబరు అడిగితే మాత్రం తమ్ముడిది చెప్పాను. గ్యాసుకైనా బ్యాంకుకైనా మా ఇళ్లలో మగవాళ్ల నంబరే చెబుతాం. కారు యాప్‌కు ఓటీపీ వాడికే వచ్చింది. 'అంగీకరిస్తున్నాను' అన్నచోట నొక్కిందీ వాడే.

వకీలమ్మ అంతా విని, "మన వివరాలు కాపాడే కొత్త చట్టానికి అనుమతే ప్రాణం పెద్దమ్మా. మీరు తిరిగిన వివరాలు మీవే. కానీ కంపెనీ దగ్గర అనుమతి ఇచ్చినట్టు ఉన్నది మీ తమ్ముడి నంబరు. ముందు అది మార్పించండి" అంది.

షోరూముకు వెళ్లాను. నంబరు మార్చాలంటే పాత నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పాలట. అది వాడిని అడగాలి.

చెల్లెలికి ఫోను చేసి, చెప్పింది కారేనన్నాను. "కారుకు నోరెక్కడిదక్కా?" అని పెట్టేసింది. తర్వాత బస్సులో త్రిపురాంతకం వెళ్లాను. తలుపు తీయలేదు.

కారు ఉంది. పోయినవి: చెల్లెలి వాటా కోసం వేయాల్సిన దావా, చెల్లెలికి నా మీద ఉన్న నమ్మకం, నాకొక తమ్ముడున్నాడన్న ధైర్యం.