సీళ్ళు బాగానే ఉన్నాయి

మా వదిన పడవల మెకానిక్కు. ఈ మాట చెబితే ముందు నవ్వుతారు, తరవాత నా మొహం చూసి ఆపేస్తారు. అన్నయ్య పడవలకు రంగులు వేస్తాడు. నేను షెడ్డు ముందు బల్ల వేసుకుని వచ్చే పనులు చూసుకుంటాను, చీటీలూ అంచనాలూ రాస్తాను. రెంచీ పట్టేది మాత్రం వదినే. ఆవిడకి మాట తక్కువ. ఆ లోటు నేను పూడుస్తుంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అన్నయ్య అంటాడు. ఉంటే తప్పేంటి, ఇంట్లో ఒకరికైనా ఉండాలి కదా.

ఆరేళ్ళుగా ఆ కోపమంతా ఒక్క మనిషి మీదే. జనాన్ని షికారు తిప్పే రెండు లాంచీల యజమాని ఆయన. పడవలు బాగుచేసే మా యార్డులో అందరూ పెద్దసారు అంటారు. నేనూ ఎదురుగా అలాగే అంటాను. వెనక ఏమంటానో ఇక్కడ రాయలేను.

లాంచీ వెనక నీళ్ళలోకి దిగి ఉండే గేర్ల పెట్టెను మేం డ్రైవు అంటాం. దాని లోపలంతా ఆయిలు, బయటంతా నీళ్ళు. ఒకటి ఇంకోదాంట్లో కలవకుండా ఆపేవి కొన్ని రబ్బరు సీళ్ళు. ఆరేళ్ళ క్రితం వదిన పెద్దసారు డ్రైవుకి సీళ్ళన్నీ మార్చింది. నెల తిరక్కుండానే ఆయిల్లో నీళ్ళు కలిసి పాలలా తెల్లబడింది, గేర్లు తుప్పు పట్టాయి.

మా యార్డులో ఒక పద్ధతి ఉంది. క్రేనుతో పైకెత్తిన పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగాలంటే, లోపమేమిటో, దానికి కారణమేమిటో చీటీ మీద రాసి, యజమాని సంతకం పెట్టించి గేటుకు తగిలించాలి. అది లేనిదే క్రేను నడిపే ఆయన మీట ముట్టుకోడు. ఆ రోజు పెద్దసారు నా చేతిలో చీటీ లాక్కుని తానే రాశాడు, "మెకానిక్కు సీలు తిరగేసి బిగించడం" అని. అక్కడితో ఊరుకున్నాడా? "ఆడమనిషి చేతికి రెంచీ ఇచ్చాను చూడండి, నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి" అని పదిమందీ వినేలా అన్నాడు.

ఆ చీటీ వారం రోజులు గేటుకు వేలాడింది. టీ తాగడానికి వచ్చిన ప్రతివాడూ చదివాడు. వదినకి పాలమ్మ అని పేరు పెట్టారు. "పాలమ్మా, లీటరెంత?" అని అడిగేవాళ్ళు. ఆవిడ తల దించుకుని వెళ్ళిపోయేది, నేను మాత్రం నిలబడి వాళ్ళ ఏడు తరాలనూ పలకరించి వచ్చేదాన్ని. ఆ తరవాత మా షెడ్డులో డ్రైవు విప్పింది లేదు. చిన్న ఇంజన్లకు ప్లగ్గులు మార్చడం, పడవను నెట్టే ఫ్యాన్లకు చుట్టుకున్న తాళ్ళు కోయడం, అంతే. అంత చెయ్యి తిరిగిన మనిషి తాళ్ళు కోసుకుంటూ కూర్చుంది. ఆ మచ్చ పోతే తప్ప ఆవిడ పని ఆవిడకి తిరిగి రాదు. ఎలా పోతుందో తెలియక నేను రోజూ పెద్దసారుకి శాపనార్థాలు పెడుతూ వచ్చాను.

సీజను మొదలవడానికి మూడు రోజుల ముందు ఆయనే మా షెడ్డుకి వచ్చాడు. మా మీద ప్రేమతో కాదు. ఈ ఆరేళ్ళలో ముగ్గురు మెకానిక్కుల్ని మార్చాడు, అదే లాంచీలో ఆయిలు మాత్రం ఏటా తెల్లబడుతూనే ఉందట. రెండు పెద్ద వర్కుషాపులు సీళ్ళన్నీ మార్చాలనీ, ఫ్యాను తిప్పే షాఫ్టు కూడా అరిగి ఉండొచ్చనీ, మాకు ఏడాది గడిచేంత అంచనా రాసిచ్చాయి. మా చేత తక్కువకి ఒకటి రాయించుకుని వాళ్ళతో బేరమాడాలని ఆయన ఎత్తు. దాచుకోలేదు కూడా.

"కాగితం ఇస్తే చాలమ్మా, పని మీకేం ఇవ్వనులే" అన్నాడు.

నేను వదినని పక్కకి లాగాను. "వదినా, బాగా తక్కువ రాసి పని మనమే లాక్కుందాం. లోపల ఏదీ ముట్టుకోకుండా మూసేద్దాం. సీజను మధ్యలో, లాంచీ నిండా జనం ఉన్నప్పుడు..."

"జనం ఉన్నప్పుడా?" అంది వదిన.

నేను నాలుక కరుచుకున్నాను. "సరే, ఖాళీగా ఉన్నప్పుడు."

"చూడకుండా ఏదీ రాయను" అని ఆవిడ పంపు అందుకుంది.

వర్కుషాపుల వాళ్ళు డ్రైవు కింది మర, అంటే ఆయిలు కార్చే కన్నానికి బిగించే స్క్రూ, ఊడదీసి, ఆయిలు కార్చేసి, ఆ కన్నంలోనే గాలి పంపు బిగించారట. గాలి బయటికి పోతే దిగే గేజీ ముల్లు దిగకపోయినా, నడిచేటప్పుడు కారుతుందేమోనని సీళ్ళ ఖర్చు రాసేశారు. వదిన కింది మర జోలికి పోలేదు. లాంచీ ఎలా వచ్చిందో అలాగే క్రేనుకు వేలాడుతుండగా, ఆయిలు నిండిందో లేదో చూసే పై మర తీసి అక్కడ పంపు బిగించి గాలి కొట్టింది. ముల్లు లేచి, మెల్లిగా దిగడం మొదలుపెట్టింది. సీళ్ళు ఉండే షాఫ్టు చుట్టూ సబ్బునీళ్ళు పూసింది, బుడగ రాలేదు. షాఫ్టు తిప్పింది, అటూ ఇటూ ఊపింది, అయినా లేదు. అప్పుడు కింది మర అంచున తెల్లటి చుక్క ఒకటి ఊరింది. మర తీసి చూస్తే దాని వాషరు నలిగి కాగితంలా ఉంది. లోపం ఉన్న చోటునే వాళ్ళు పంపుతో మూసేసి, మిగతా డ్రైవంతా వెతికారన్నమాట. వదిన కొత్త వాషరు వేసి, మళ్ళీ గాలి కొట్టి, ఇరవై నిమిషాలు ముల్లుని చూస్తూ కూర్చుంది. అది కదల్లేదు.

"సీళ్ళు బాగానే ఉన్నాయి సార్. ఈ వాషరు ఎప్పుడు మార్చారు?"

"మార్చడమెందుకు? లాంచీ కొన్నప్పటి నుంచీ అదే. ఆయిలు నేనే చూసుకుంటాను."

"అప్పట్లో సీళ్ళు మార్చినప్పుడు నేను కొత్తది వేశానే."

"వేశావులే. వారం తిరిగాక ఆయిలు చూద్దామని మర విప్పి, నీ కొత్తది డబ్బాలో దాచాను. పాతది బాగానే ఉంటే పారేస్తామా? అందరూ వేసినవీ దాచాను, కావాలంటే చూపిస్తా" అన్నాడు గొప్పగా.

అన్నాక ఆగాడు. క్రేను ఆయన పక్కనే టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు, ఇంకో నలుగురు కూడా ఉన్నారు. అందరూ వదిన వైపు చూశారు. నాకు కడుపు నిండిపోయింది.

వదిన చెప్పింది, నేను రాశాను. వాషర్లు రెండు. ఆయిలు మూడు సార్లకు: కడగడానికి రెండు, నింపడానికి ఒకటి. పరీక్ష కూలి. సీళ్ళు పాతబడుతున్నాయి కనక సీజను అయ్యాక మార్చడానికి ఇంత పక్కన పెట్టుకోవాలి, విప్పాక షాఫ్టు అరిగి కనిపిస్తే దానికి అందులో మూడో వంతు అదనం. ఇప్పటికి కట్టవలసింది వర్కుషాపుల అంచనాలో ఇరవయ్యో వంతు కూడా లేదు. అంత చవగ్గా వదిలేస్తున్నందుకు నాకు ఒళ్ళు మండింది. గేటు చీటీలో కారణం అన్న చోట మాత్రం అక్షరాలు దిద్ది దిద్ది రాశాను: "కొత్త వాషరు తీసి యజమాని పాతది బిగించడం. ఆరేళ్ళ క్రితమూ ఇదే."

పెద్దసారు చదివి, వదిన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "కారణం సీళ్ళు అని రాయించమ్మా. వాళ్ళడిగినంతా నీకే ఇస్తాను."

"సీళ్ళు బాగానే ఉన్నాయి సార్."

"రెట్టింపు ఇస్తాను."

"నా పేరు ఆరేళ్ళు వేలాడింది సార్. మీ లాంచీ ఎన్నాళ్ళు వేలాడాలో మీ ఇష్టం" అంది వదిన. ఆవిడ నోట అంత పొడుగు మాట నేను ఎప్పుడూ వినలేదు.

ఆయన క్రేను ఆయన వైపు చూశాడు. క్రేను ఆయన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. సీజను మొదటి రోజుకి జనం అప్పటికే టిక్కెట్లు కొనేసి ఉన్నారు. పెద్దసారు సంతకం పెట్టాడు. చీటీకి ఒక్క మేకు చాలు, నేను నాలుగు కొట్టాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన మొహం ఎలా మాడిందో అన్నయ్యకి అభినయించి చూపిస్తున్నాను. వదిన తినడం ఆపింది.

"ఆరేళ్ళలో మన షెడ్డుకి నాలుగు డ్రైవులు వచ్చాయి" అంది. "లోపలి నుంచి చూస్తూనే ఉన్నాను. నాలుగింటినీ పక్క షెడ్డుకి పంపావు."

నువ్వు మళ్ళీ మాట పడకూడదనే వదినా, అనబోయాను. ఆరేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నదీ అదే.

"సీలు నేనే తిరగేశానని నువ్వూ అనుకున్నావు కదా?"

యార్డంతటితోనూ పోట్లాడినదాన్ని. ఇంత నోరున్నదాన్ని, అసలేం జరిగింది వదినా అని ఆవిణ్ణి ఒక్కసారి అడగలేదు. అడిగితే అవునంటుందేమోనని భయం.

"అనుకున్నాను" అన్నాను.

వదిన తలూపి, చెయ్యి కడుక్కుని షెడ్డులోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఒకాయన డ్రైవు పని ఉందంటూ వచ్చాడు. నేను చీటీల పుస్తకం తెరిచాను. వదిన బయటికొచ్చి, నా చేతిలో పెన్ను తీసుకుని, నిలబడే ఆ పనిని తానే రాసుకుంది.